అడగకుండా కాపీ ఇవ్వని సారు

పోయిన నెల ఒక పొద్దున వికారాబాద్ స్టేషన్ రోడ్డులో నా కంప్యూటర్ రిపేరు దుకాణం షట్టరు ఎత్తుతుంటే ఫోను మోగింది. తాండూరు నుంచి అమ్మ. నన్ను కన్న అమ్మ కాదు, మా లెక్కల సారు భార్య. ఆ గల్లీ పిల్లలందరం ఆమెను అమ్మ అనే పిలిచేవాళ్లం. "బిడ్డా, సారు పోయిండు. చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గంతే. నువ్వు రా" అంది. గొంతులో ఏడుపు లేదు. సగం ఎత్తిన షట్టరు మళ్లీ దించి రైలెక్కాను.

వికారాబాద్ నుంచి తాండూరుకు గంట కూడా పట్టదు. దారంతా నాకు గుర్తొచ్చింది సారు ముఖం కాదు, ఒక చప్పుడు. ఇంజిను పట్టాల మీద రాసుకుపోతున్నట్టు కీచుమనే చప్పుడు. దాని గురించి చెప్పకపోతే సారు గురించి మీకు చెప్పినట్టే కాదు.

ఒకప్పుడు ఇంట్లో వాడే కంప్యూటర్ అంటే ఒక లావుపాటి కీబోర్డు మాత్రమే. తెర కావాలంటే ఇంట్లో ఉన్న టీవీకి తగిలించాలి. ప్రోగ్రాం కావాలంటే పాటలు వినే టేప్ రికార్డరును దానికి కలిపి క్యాసెట్ వేయాలి. ఐదారు నిమిషాలు ఆ కీచుడు భరిస్తే అప్పుడు తెర మీద ఏదో కనిపించేది. సారు హైదరాబాద్‌లో ఎవరో వద్దనుకున్న దాన్ని కొనుక్కొచ్చారు. తెచ్చిన కొన్నాళ్లకే ఆ కంపెనీ వాటిని తయారు చేయడం మానేసింది. కంపెనీ మానేసినా సారు మానలేదు.

తాండూరులో బండల పాలిష్ దుమ్ము ఎక్కడికైనా దూరుతుంది, పెట్టెలో పెట్టిన పెళ్లి చీరలోకి కూడా. టేప్ రికార్డరును వదులుతుందా? అందుకే సారు ప్రతిరోజూ స్పిరిట్‌లో దూది ముంచి లోపల టేపు రాసుకుపోయే హెడ్‌ను తుడిచేవారు. దాని పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ఒక రికార్డరులో చేసిన క్యాసెట్ ఇంకో దాంట్లో ఎక్కాలంటే ఆ స్క్రూను వెంట్రుక వాసి తిప్పాలి. సారు కళ్లు మూసుకుని, చెవి దగ్గర పెట్టి, కీచుడు బాగా పదునెక్కేదాకా తిప్పేవారు. "ఇగో, ఇప్పుడు అర్థమైంది వీడికి" అనేవారు. వీడంటే కంప్యూటర్. ఈరోజు నేను నాలుగు స్క్రూలు తిప్పి బతుకుతున్నానంటే మొదటి స్క్రూ అదే.

క్యాసెట్లు పిల్లలకు ఇంటికి ఇచ్చేవారు, పుస్తకం ఇచ్చినట్టు. మాకెవరికీ కంప్యూటర్ లేదు కదా, ఇంటికి తీసుకుపోయి ఏం చేస్తాం? మా నాన్న టేప్ రికార్డరులో వేసి ఆ చప్పుడే వినేదాన్ని. మా నానమ్మ చెవులు మూసుకుని తిట్టేది. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఒక షరతు ఉండేది, అది అమ్మ పెట్టింది. మొదటిసారి నేను క్యాసెట్ వాపసు ఇస్తుంటే అమ్మ గుమ్మంలో ఆపింది. "ఏం పిల్లా, ఎవలన్న గిన్నెల కూర పంపితే గిన్నె ఖాళీగ తిరిగి పంపుతరా?" నేను బిక్కమొహం వేశాను. సారు పగలబడి నవ్వి, "కరెక్టే, వెనకవైపు ఖాళీగున్నది. ఏమన్న వేసి తీస్కరా పో" అన్నారు.

అట్లా ఆ ఇంట్లో క్యాసెట్లన్నిటికీ, ఒక్కదానికి తప్ప, వెనకవైపు పిల్లల సామాను చేరింది. ఒకడు పన్నెండో ఎక్కం అప్పజెప్పాడు. ఒకమ్మాయి వాళ్లింట్లో మాట్లాడే కన్నడంలో పొడుపుకథ వేసింది. నేను మా నానమ్మ తిట్లు రికార్డు చేసి ఇచ్చాను. సారు అవి విని, "గీమెకు మస్తు భాష ఉన్నది" అని మెచ్చుకున్నారు.

ఇప్పుడు అసలు క్యాసెట్ దగ్గరికి వస్తాను. దాని పేరు అక్షరాల పలక. ఒక మీట నొక్కితే టీవీ తెర మీద ఒక తెలుగు అక్షరం తనంతట తాను గీసుకునేది. చుక్క చుక్కగా, కనపడని చెయ్యేదో బలపం పట్టుకుని రాస్తున్నట్టు. ఆ యంత్రంలో తెలుగు ఎట్లా దూర్చారో మాకు అంతుపట్టేది కాదు. రాసిన మనిషి పేరు ఎక్కడా లేదు. అట్ట మీద హైదరాబాద్‌లో ఒక గల్లీ చిరునామా, ఒక చిన్న సంస్థ పేరు, అంతే.

నాకప్పుడు పన్నెండేళ్లు. నేను ఎడమచేతి దాన్ని. సారు బడిలో మాకు లెక్కలు చెప్పేవారు, అందరు సార్ల లాగే ఎడమచేత్తో రాస్తే స్కేలుతో వేళ్ల మీద ఒక్కటి ఇచ్చేవారు. గట్టిగా కాదు గానీ, ఇచ్చేవారు. ఒక ఆదివారం పలక చూస్తూ చూస్తూ నేను అరిచాను. "సార్, గీయన నా లెక్కనే రాస్తుండు! తలకట్టు సూడుండ్రి, కుడిదిక్కు నుంచి ఎడమదిక్కుకు గీస్తుండు!"

సారు ఒక్కో అక్షరం మళ్లీ వేయించి చూశారు. సున్నా కూడా అందరూ తిప్పే వైపు కాకుండా అటు నుంచి తిరుగుతోంది. యాభై చిల్లర అక్షరాలూ ఎడమచేతి వాటమే. సారు టీవీ ఆపేశారు. తర్వాత నా వేళ్ల వైపు చూసి, "రేపటి నుంచి నీ చేత్తోనే రాయి. బడిల గూడ" అన్నారు. ఆ తర్వాత ఆయన స్కేలు గీతలు గీయడానికి తప్ప దేనికీ వాడలేదు. నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది కూడా ఎడమచేత్తోనే.

ఆ రోజు నుంచి సారుకు ఆ రాసినాయన మీద ఒకటే ధ్యాస. ఎవరాయన? ఎన్నేళ్లుంటాయి? చిన్నప్పుడు ఎవరి చేత దెబ్బలు తిన్నాడు?

నేను పెద్దదాన్నై వికారాబాద్‌లో దుకాణం పెట్టుకున్నాక ఇంటర్నెట్‌లో ఒక వింత కనిపించింది. ఇలాంటి పాత కంప్యూటర్లను ఇష్టపడే వాళ్లు లోకమంతా ఉన్నారు. ఇప్పటి కంప్యూటర్‌ను పాతదానిలా నటింపజేసే సాఫ్ట్‌వేర్ రాసి, పాత ప్రోగ్రాములన్నీ అందులో ఆడిస్తున్నారు, ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. అంత పెద్ద గుట్టలో తెలుగుది ఒక్కటీ లేదు. నేను తాండూరుకు పరుగెత్తాను.

"సార్, మన పలక పెడదాం. అందరు చూస్తరు."

"ఎవల్ని అడిగినవ్?"

"ఎవల్ని అడగాలె సార్? కంపెనీ లేదు, కంప్యూటర్ లేదు. అమ్మెటోడు లేడు, కొనెటోడు లేడు."

"రాసినోడు ఉన్నడు గదా."

"ఉన్నడో లేడో ఎవలికెరుక?"

"లేకుంటే ఆయన వాళ్లు ఉంటరు" అని సారు చట్టం విప్పారు. రాసిన మనిషి పోయాక కూడా అరవై ఏళ్లు ఆ హక్కు ఆయన వారసులదేనట. ప్రోగ్రాముకూ పుస్తకానికీ ఒకటే లెక్కట. కొన్నవాడు చెడిపోతుందని తన కోసం ఒక కాపీ చేసి దాచుకోవచ్చు గానీ పంచకూడదట. నేను ఊరుకుంటానా? "హక్కు అరవై ఏండ్లు బతుకుతది సార్, టేపు గన్నేండ్లు బతుకుతదా? హక్కు ఉంటది, సరుకు ఉండదు. గదేం చట్టం?" అన్నాను. సారుకు ఆ ప్రశ్న నచ్చింది. నచ్చితే చెవి గోక్కుంటారు. చాలాసేపు గోక్కుని, "చట్టం తిక్కదే. గని అడుగుడు చట్టం పెట్టింది గాదు" అన్నారు.

ఆయన వాదన నాకు ఇప్పటికీ వింతే. పుస్తకం ఎత్తుకుపోతే అల్మారాలో సందు కనిపిస్తుంది, దొంగతనమని అందరికీ తెలుస్తుంది. కాపీ చేసుకుంటే ఏ సందూ కనపడదు, ఎవరికీ తెలియదు. "పోయింది కనపడనప్పుడే అడగాలె బిడ్డా. కనపడేదైతే వాడే అడుగుతడు గదా" అనేవారు.

టేపు పాడైతే అసలుకే మోసమని, దాన్ని నా దుకాణం కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచడానికి మాత్రం ఒప్పుకున్నారు. "కాపాడుడు వేరె, పంచుడు వేరె" అని వేలు చూపించి మరీ చెప్పారు. అప్పటి నుంచి హైదరాబాద్ ఎప్పుడు వెళ్లినా, పెళ్లికైనా కళ్ల డాక్టరు దగ్గరికైనా, ఆ గల్లీకి వెళ్లివచ్చేవారు. సంస్థ ఉన్నచోట గాజుల దుకాణం ఉండేది. పక్కన దర్జీని, ఎదురుగా చాయ్ హోటల్‌ను అడిగేవారు, "ఎడమచేత్తో రాసేటాయన, కంప్యూటర్ పని చేసేటాయన ఈడ ఉండెనా?" అని. ఉత్తరాలు రాస్తే తిరిగొచ్చేవి. నేను ఎగతాళి చేసేదాన్ని. "అడిగితే పోయేదేమున్నది?" అని నవ్వేవారు.

నాకు ఓపిక తక్కువ. ఏడాదిన్నర కింద, సారుకు చెప్పకుండా, పలకను, దాని అట్ట ఫోటోతో సహా, ఇంటర్నెట్‌లో పెట్టేశాను. అందుకోసమే ఒక కొత్త మెయిల్ ఖాతా తెరిచాను. రెండో రోజుకే ఎవరో తెలుగాయన, "మా పాపకు చూపించాను, థాంక్స్" అని రాశాడు. నేల మీద నిలవలేదు నా కాళ్లు. తాండూరుకు వెళ్లి సారుకు ఫోన్‌లో చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివారు, ఫోను నా చేతిలో పెట్టారు. తిట్టలేదు. "ఎవల్ని అడిగినవ్?" అన్నారు, అంతే. చాయ్ కూడా తాగకుండా లేచి లోపలికి వెళ్లిపోయారు.

నాలుగో రోజు దాన్ని తీసేశాను. కోపంతో ఆ మెయిల్ ఖాతా మళ్లీ తెరవలేదు. పండగలకు వెళ్లేదాన్ని, సారు మామూలుగానే మాట్లాడేవారు, పలక మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఆయన మానేశారనుకున్నాను.

సారు పదో రోజు కార్యం అయ్యాక వికారాబాద్ వచ్చి దుకాణంలో కూర్చున్నాను. దాచిన పలక నా కంప్యూటర్‌లోనే ఉంది. ఇంక అడిగేవాళ్లెవరు అనిపించింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ మాట నిజంగా అనిపించింది. మళ్లీ పెట్టేద్దామని ఆ పాత ఖాతా తెరిచాను.

అందులో చదవని ఉత్తరం ఒకటి ఉంది. నేను పలకను తీసేసిన మర్నాడు వచ్చింది. "మీరు పెట్టిన దాని అట్ట బొమ్మ చూశాను. అదే అట్ట మా ఇంట్లో సజ్జ మీద ఉంది. అది రాసింది మా మేనమామ. ఆయన లేడు. మా అమ్మ ఉంది. ఇప్పుడు వెతికితే మీరు ఇంటర్నెట్‌లో పెట్టింది కనపడటం లేదు, మా అమ్మకు చూపించాలి. మాది కొడంగల్."

కొడంగల్. తాండూరు నుంచి బస్సెక్కితే ఎంతసేపని? సారు హైదరాబాద్ గల్లీలన్నీ అడుగుతూ తిరిగారు. జవాబు ఏడాదిన్నరగా నా దగ్గర మూత పెట్టి ఉంది. నేను తెరవలేదు. దుకాణంలో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను, బాగు చేయించుకోవడానికి వచ్చినాయన తన ల్యాప్‌టాప్‌కే ఏదో అయిందని కంగారుపడ్డాడు.

తాండూరు వెళ్లి అమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె లేచి సారు టేప్ రికార్డరు, ఆ క్యాసెట్ తెచ్చింది. క్యాసెట్‌ను గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టింది. "గివి గూడ తీస్కపో. సారు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడల్లా దీని వెనకదిక్కు ఏందో మాట్లాడెటోడు. నన్ను విననియ్యలే. ఎవల సొమ్మో వాళ్లకే వినిపియ్యాలె అన్నడు."

క్యాసెట్ తిప్పి చూశాను. మళ్లీ రికార్డు కాకుండా అంచున వదిలిన గుంతను, వెనకవైపు మాటలు ఎక్కడానికి, సారు ప్లాస్టర్ ముక్కతో చక్కగా మూశారు.

కొడంగల్‌లో పలక రాసినాయన అక్కగారికి డెబ్బై దాటి ఉంటాయి. ఉత్తరం రాసిన కొడుకు పక్కనే ఉన్నాడు. ఆమె అరుగు మీద చెరుగుతున్న కందుల చాట పక్కన పెట్టి నా మాట విన్నది. "మా తమ్ముడు పట్నంల గది తీస్కొని ఏందో చేసిండమ్మా. ఎవలు కొనలే. వాపస్ వచ్చిండు. జరమొచ్చి పెండ్లి గాకముందే, చిన్న వయసులనే పోయిండు" అంది. నేను ల్యాప్‌టాప్ తెరిచి పలక వేశాను. తెర మీద ‘అ’ గీసుకుంది. ‘ఆ’ గీసుకుంది. ఆమె ముందుకు వంగింది.

"అరె, వాడే" అంది. "వాని చెయ్యే. నాయిన ఎడమచెయ్యి నడుముకు కట్టేసి కుడిచేత్తోటి రాయిపిచ్చెటోడు. వాడు ఏడ్చుకుంట రాసెటోడు." వేలితో తెర మీద తలకట్టును కుడి నుంచి ఎడమకు గీసింది, అక్షరం వెంబడే.

అప్పుడు టేప్ రికార్డరు పెట్టి వెనకవైపు వేశాను. నేనూ మొదటిసారి వినడం అదే.

"అయ్యా, నమస్తే. నేను తాండూరుల లెక్కలు చెప్పెటోణ్ణి. మీ క్యాసెట్ నా దగ్గరున్నది. ఇయ్యాల మీ గల్లికి వచ్చిన. మీ ఇంట్ల గాజుల దుకాణం పెట్టిండ్రు. మళ్ల వస్త."

ఒక టక్కు. మళ్లీ సారు.

"అయ్యా, గా దర్జీ ఒక అడ్రస్ చెప్పిండు, పోయిన. గాడ ఎవల్లేరు. వాన పడ్డది. మళ్ల వస్త."

ఇలా ఎన్నో. కొన్నిటిలో దగ్గు. ఒకదాంట్లో, "అయ్యా, మా ఊర్ల ఒక పిల్ల ఉన్నది, మీ లెక్కనే ఎడమచెయ్యి. నేను కొట్టేటోణ్ణి. మీ పలక చూసినంక మానిన. గీ ముచ్చట మీకు చెప్పాలె." చివరిది కొత్తది, గొంతు బాగా నలిగింది. "అయ్యా, మోకాళ్లు పట్టుకున్నయి. గా పిల్ల తొందరపడ్డది, చెడ్డది గాదు. మీరు దొరికితే ఆమె తరఫున గూడ నేనే అడుగుత. మళ్ల వస్త."

అది నేను పలకను ఇంటర్నెట్‌లో పెట్టాక చేసిన రికార్డు, అప్పటికి ఆ ఉత్తరం నాకు వచ్చే ఉంటుంది. మానేశారనుకున్నాను కదా.

అక్కగారు కొంగుతో కళ్లు తుడుచుకుని, "గీ సారు ఏడి?" అని అడిగింది. చెప్పాను. ఆమె టేప్ రికార్డరు మీద చెయ్యి పెట్టింది. "మా తమ్ముని కోసం గింత తిరిగినోణ్ణి నేను చూడనైతి" అంది. తర్వాత, "గీండ్ల మాట్లాడితే ఎక్కుతదా?" అంది. ఎర్ర మీట నొక్కి చూపించాను.

ఆమె ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం కూడా చేసింది, కొడుకు సాక్షి. సారు ఉంటే మొదట అడిగేది ఆ కాగితమే కదా. ఇప్పుడు పలక ఇంటర్నెట్‌లో ఉంది, అడిగి పెట్టిందే. బయలుదేరుతుంటే అక్కగారు స్టీలు డబ్బా లాక్కుని లోపలికి పోయింది. తిరిగొచ్చేసరికి అందులో నిండా కందిపప్పు. "ఖాళీ డబ్బ పంపుతనా?" అంది. క్యాసెట్‌ను సంచిలో విడిగా పెట్టుకున్నాను.

తాండూరులో డబ్బా మూత తీసి అమ్మ పప్పు చూసింది, తీసుకెళ్లి వంటింట్లో పెట్టింది. సారు కుర్చీ పక్కన స్టూలు మీద టేప్ రికార్డరు పెట్టి, హెడ్ తుడిచి, వెనకవైపు మొదటి నుంచి వేశాను. అమ్మ గోడకు ఆనుకుని బండల మీద కూర్చుని, విననివ్వని ఆ మాటలన్నీ విన్నది. చివరి "మళ్ల వస్త" అయింది. టక్కుమంది. కోడి కూత, చాట చప్పుడు, తర్వాత కొడంగల్ అక్కగారి గొంతు.

"సారూ, నమస్తే. దొరికినం సారూ. మీరు ఇంగ తిరగకుండ్రి. మేం ఈడనే ఉన్నం. మా తమ్ముడు రాసింది అందరికియ్యుండ్రి. ఆ పిల్లకు గూడ చెప్పుండ్రి, ఇచ్చినమని."

ఆ తర్వాత టేపులో ఏమీ లేదు, ఉత్త గాలి చప్పుడు. ఆపడానికి నేను చెయ్యి చాపితే అమ్మ వద్దని తలూపింది. క్యాసెట్ చివరిదాకా తిరిగి, మీట దానంతట అదే పైకి లేచేవరకు, ఇద్దరం కుర్చీ వైపు చూస్తూ కూర్చున్నాం.